గోడకు అవతలి మగ్గం

పద్యాలు ఎలా వస్తాయని ఎవరైనా అడిగితే తిరుత్తణి కొండ మీద తెల్లవారు వెలుగు గురించి చెప్పేవాణ్ణి. సభల్లో ఆ మాట బాగా చెల్లుతుంది. నిజానికి ఆ వెలుగు చూసి నేను ఒక్క పాదం కూడా రాయలేదు. నా పద్యాలన్నీ గోడకు అవతల, మా అన్న మగ్గం గుంటలో నుంచి వచ్చినవే.

మాది తిరుత్తణి నుంచి పళ్ళిపట్టు పోయే దారిలో ఒక నేతగాళ్ళ వీధి. నాన్న పోయాక ఇంటికి మధ్యలో గోడ పెట్టి ఇద్దరం పంచుకున్నాం. అటు సగంలో అన్న, వదిన, మగ్గం. ఇటు సగంలో నేను, నా డైరీలు. అన్న తొమ్మిదో ఏట మగ్గం కింద కాళ్ళు ఆడించే గుంటలో దిగాడు. నేను దిగలేదు. చదువుకుని తిరువళ్ళూరులో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరి, అక్కడే సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ సెలవులకు ఊరికి వచ్చినప్పుడు మాత్రమే పద్యం పలికేది. సొంతవూరి గాలి అనుకునేవాణ్ణి.

గాలి కాదని డైరీ చెప్పింది. ఏడాదికొక డైరీ, ఎడమ పేజీలో ఆ రోజు జరిగింది గంటతో సహా, కుడి పేజీలో ఆ రోజు రాసిన పాదాలు. కొట్టివేతలు ఉండవు, పేజీ చించడం ఉండదు. రిటైరైన మూడేళ్ళకు, పని లేక, ఊళ్ళో ఉండి కూడా కుడి పేజీ ఖాళీగా ఉన్న రోజులన్నీ వరసగా తీసి ఎడమ పేజీలు చూశాను. అన్నకు జ్వరం. అన్న ఒక చావు ఇంటికి పోయినాడు. వాన, గుంటలో నీళ్ళు. పండగ, మగ్గం లేదు. ఒక్క రోజు కూడా లెక్క తప్పలేదు.

ఆ తర్వాత చెవి పెట్టి విన్నాను. కాలితో తొక్కడం, తాడు లాగడం, నేసిన దారం బిగిసేలా పలక కొట్టడం. మూడు చప్పుళ్ళు, వెనకాల చిన్న ఖాళీ. ఆ ఖాళీలో మాట వచ్చి కూర్చునేది. వీధిలో మిగిలినవన్నీ పవర్‌లూమ్‌లు. ఎనిమిదికి అవి మొదలైతే ఇక సందు లేని మోత. అందుకే ఆరు నుంచి ఎనిమిది దాకా నా రాత. పెన్నులో సిరా రాత్రే పోసి పెట్టుకునేవాణ్ణి.

ఈ సంగతి అన్నకు చెప్పలేదు. నేను పొద్దున పద్యాలు రాస్తానని మాత్రం ఆయనకు తెలుసు. టీ తాగడానికి బయటికి వచ్చినప్పుడు అడిగేవాడు.

"ఏమిరా, ఈ పొద్దు ఎన్ని గజాలు రాసినావు?"

"నాలుగు పాదాలన్నా."

"రెండు గంటలకు నాలుగు పాదాలా? గొడ్డుకు పుట్టేటప్పుడే నాలుగుంటాయి గదరా."

అరవై ఏడో ఏట ఆయన కుడి మోకాలు వాచింది. తిరుత్తణిలో డాక్టరు చూసి, మగ్గం గుంటలో దిగడం మానేస్తే ఈ కాలు నిలుస్తుంది, మానకపోతే నిలవదు అని చెప్పాడు. అదే నెలలో తిరువళ్ళూరు నుంచి చుట్టాలొకరు కబురు తెచ్చారు. అక్కడ ఒక కల్యాణ మంటపంలో గేటు దగ్గర ఉండడానికి నమ్మకమైన పెద్దమనిషి కావాలట. మంటపం ఓనరు నాకు ఆఫీసు రోజుల నుంచి పరిచయం. అన్న, వదిన ఇద్దరూ మా ఇంటికి వచ్చారు.

"ఒక మాట జెప్పురా ఆయనకు. గేటు కాడ కుర్చీ ఏస్తారంట. కూకోవడమే పని. యాభై ఎనిమిదేండ్లు గుంటలో కూకున్నోణ్ణి, కుర్చీలో కూకోలేనా?"

"వెనకాల రూము గూడా ఇస్తారంట అబ్బయా," అంది వదిన. "మోటరు నీళ్ళు."

"చెప్తానన్నా," అన్నాను.

సాయంత్రం అయిదూ పదికి తలుపు వేసుకుని ఫోన్ చేశాను. మీ అన్న ఎట్లాంటి మనిషి అని ఓనరు అడిగాడు. నిజాయితీ గల మనిషి, తాగడు, మాట పడనివ్వడు అని చెప్పాను. అక్కడ ఆపి ఉంటే పని ఆయనదే. నేను ఆపలేదు. "కాలు మాత్రం బాగా లేదు సార్. పెళ్ళి రోజుల్లో లేచి తిరగలేడు. రేపు అక్కడ పడిపోయినాడంటే మీకే చెడ్డపేరు," అన్నాను. సొంత అన్న గురించి ఇంత నిజంగా చెప్పేవాళ్ళు ఉండరని ఆయన నన్ను మెచ్చుకున్నాడు.

అన్నతో, "వేరే ఎవరికో ఇచ్చేసినారంట," అన్నాను.

"సరేలే. పెండ్లి పాయసం తినే రాత లేదు," అని వెళ్ళిపోయాడు.

మరునాడు ఆరింటికి మగ్గం మోగింది. ఆ పొద్దు ఎనిమిది పాదాలు వచ్చాయి. నాకు బాధ కలగలేదు. కలిగిందని ఇప్పుడు రాస్తే ఆ నాటి పేజీ ఒప్పుకోదు. కుడి పేజీ చివర "ఇంతకు ముందు ఇలాంటివి రాయలేదు" అని నా చేత్తోనే రాసి ఉంది.

ఆయన ఇంకో పద్నాలుగు నెలలు ఆ గుంటలో దిగాడు. దిగేటప్పుడు ఒక మూలుగు వినిపించేది. అది విని నేను పెన్ను మూత తీసేవాణ్ణి. పోను పోను తొక్కుడు తడబడింది. మూడో దెబ్బ ఆలస్యంగా పడేది, ఖాళీ పెద్దదైంది. నా పద్యాల్లో కూడా విరుపు మారింది. పత్రికల్లో చదివినవాళ్ళు, ఈ వయసులో కొత్త నడక పట్టుకున్నారే అని ఉత్తరాలు రాశారు. అది మా అన్న కుంటి నడక. ఆ ఉత్తరాలు ఫైలు చేసి పెట్టుకున్నాను.

పుస్తకం అచ్చయింది. మొదటి పేజీలో "మా అన్నకు" అని వేశాను. వదిన దాన్ని పసుపు బొట్టు పెట్టి దేవుడి గూట్లో ఉంచింది.

తర్వాత ఒక పెళ్ళికి తిరువళ్ళూరు పోయాం. అదే మంటపం. అన్న చేతికర్రతో మెల్లగా మెట్లెక్కుతుంటే ఓనరు ఎదురు వచ్చి ఆయన కాలు చూశాడు.

"ఉంగ తంబి దాన్ సొన్నారు," అన్నాడు, నన్ను చూపిస్తూ. మీ తమ్ముడే ఆ రోజు చెప్పినారు, మీకు కాలు బాగా లేదని. లేకపోతే మిమ్మల్నే పెట్టుకోనుంటాను అని అరవంలో నవ్వుతూ చెప్పి, మా ఇద్దరికీ దండం పెట్టి లోపలికి పోయాడు.

గేటు దగ్గర కుర్చీలో మా అన్న కంటే పెద్దాయన ఒకాయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. అన్న ఆయన్నే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత పోయి పంక్తిలో కూర్చుని శుభ్రంగా భోంచేశాడు. పాయసం రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. నేను తినలేకపోతుంటే, "తినరా. నాకు రావల్సిన చోటు, నీకేం మొగమాటం," అన్నాడు.

బస్సులో కాలు చాపుకుని కూర్చున్నాడు. తిరుత్తణిలో దిగాం. అక్కడ పళ్ళిపట్టు బస్సు కోసం నిలబడ్డప్పుడు అడిగాడు.

"నువ్వు డైరీలో అబద్ధం రాయవు గదా?"

"రాయనన్నా."

"రేపు పొద్దున చదువు. మీ వొదినె గూడా వినాల."

మరునాడు ఆరింటికి మగ్గం మోగలేదు. పెన్ను పట్టుకుని ఎనిమిది దాకా కూర్చున్నాను. ఎనిమిదికి ఇద్దరూ వచ్చారు. అన్న గడప మీద కూర్చోలేక గోడకు ఆనుకున్నాడు. నేను ఫోన్ చేసిన రోజు పేజీ తీసి, రాసింది రాసినట్టు చదివాను. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మర్నాటిది, కుడి పక్కది చదువు," అన్నాడు అన్న.

చదివాను. మగ్గం మీద లేచే పడుగు దారాలను లేచే పొద్దుతో పోల్చిన పద్యాలవి. పుస్తకం అచ్చయ్యాక తిరుత్తణిలో జరిగిన సభలో చప్పట్లు కొట్టింది వాటికే.

"పొద్దు లేసింది సరే," అంది వదిన. "మనిషి లేసినాడా?"

అన్న ఆమెను ఊరుకోమని చెయ్యి ఊపాడు. "ఇది నువ్వు రాసిన వాటిలో మంచిదా?"

"మంచిదే అన్నా."

"నేను ఆ మంటపం కాడ కూకోనుంటే ఇది వొచ్చుండునా?"

అప్పుడే చప్పుడు సంగతి మొత్తం చెప్పాను. మూలుగు విని పెన్ను తీయడంతో సహా. చెప్పేసి, "వొచ్చుండదు," అన్నాను.

"అయితే నా కాలు ఒక పక్క, నీ పద్యం ఒక పక్క పెట్టి చూసినావు. ఏది పెద్దదిగా అగుపించింది?"

నేను డైరీ మూశాను.

"చెప్పురా. డైరీ రాసే మనిషివి. నిజం జెప్పు."

"పద్యం," అన్నాను.

ఆయన తల ఊపాడు. లోపల ఏదో సరిచూసుకున్నట్టు. "సరే. అది గూడా రాసుకో," అని కర్ర అందుకున్నాడు.

వారం తిరగకుండా, పవర్‌లూమ్‌లు ఆపేసిన సెలవు రోజున, పళ్ళిపట్టు నుంచి కట్టెల అంగడి మనిషిని పిలిపించాడు. మగ్గాన్ని విప్పి గుంటలో నుంచి పైకి తీసి వీధిలో వేశారు. అన్న ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకుని ఎదురుగా కూర్చున్నాడు. నేను నా కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నాను. అడ్డంగా ఉన్న పెద్ద దూలం మీద గొడ్డలి పడింది. ఎత్తడం, వేయడం, ఊడ పీకడం. మళ్ళీ ఎత్తడం.

నాలుగో దెబ్బకు మాట వచ్చింది. రాకూడదని అనుకోలేదు. బల్ల దగ్గరికి పోయి డైరీ తెరిచి ఒక పాదం రాశాను. గొడ్డలి పడుతూనే ఉంది. రెండో పాదం రాశాను. మూడో పాదానికి మొదటి మాట నోట్లో ఉండగా చప్పుడు ఆగింది.

తల ఎత్తి చూశాను. అన్న కుర్చీలో మెడ తిప్పి నా కిటికీ వైపే చూస్తున్నాడు. నా చేతిలో పెన్ను చూశాడు.

"నిలుపప్పా," అంటున్నాడు కట్టెలాయనతో. "ఇంక నరకొద్దు. అట్లే ఎత్తకపో."

"ఇంత పొడుగుది బండిలో పట్టదు అయ్యా."

"తాడేసి కట్టుకో. అంగడి కాడికి పోయి నరుక్కో. ఈడ మాత్రం ఒక్క దెబ్బ పడగూడదు."

కట్టెలాయన నసుగుతూనే దూలాలన్నీ ట్రాక్టరుకు ఎత్తి తాడు కట్టాడు. అన్న కుర్చీలో నుంచి లేవలేదు. బండి వీధి మలుపు తిరిగేదాకా, పెన్ను దించకుండా నిలబడ్డ నన్నే చూస్తున్నాడు. ఆ రోజు కుడి పేజీలో రెండు పాదాలే ఉన్నాయి. మిగిలిన రెండూ ఈ రోజు వరకూ రాలేదు.