అరవై నలుగురి పట్టిక

ఆ ఉదయం గట్టు మీద ఉన్నవాళ్ళు: రొయ్యల చెరువు చేసే అన్న, ఆయన భార్య, మా కంపెనీ పెట్టిన సార్, నేను. ఉన్నవి: నీళ్ళను చిలికి గాలి కలిపే ఏరేటర్లు నాలుగు, ఒక జనరేటరు, బయటి తెగులు అంటకుండా గట్టెక్కే ముందు కాళ్ళు ముంచడానికి పర్మాంగనేట్ నీళ్ళ తొట్టి, కాకులు వాలకుండా చెరువు మీద అడ్డంగా లాగిన దారాలు, పాత పడవ పలకను తలుపుగా బిగించిన మోటారు షెడ్డు, అన్నం క్యారియరు, మేం అట్టపెట్టెలో తెచ్చిన తేలే పరికరం ఒకటి.

ఆ పరికరం నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ ఎంతుందో పది నిమిషాలకోసారి ఫోనుకు పంపుతుంది. అప్పటిదాకా దాన్ని ఆఫీసులో ప్లాస్టిక్ డ్రమ్ములోనే పరీక్షించాం. నిజమైన చెరువులో దించడం అదే మొదటిసారి. దించనిచ్చిన మొదటి మనిషి అన్న. కోవూరు దాటి సముద్రం వైపు పోతే వరి మళ్ళు అయిపోయి చెరువులు మొదలవుతాయి. అక్కడ ఎనిమిది చోట్ల అడిగాం. ఏడు చోట్ల గట్టు కూడా ఎక్కనివ్వలేదు.

మా కంపెనీ నెల్లూరులో ఒక మేడ మీద రెండు గదులు. మనుషులం ఐదుగురం. మేం రైతులకు అమ్మం. రొయ్యపిల్లల్ని పుట్టించే హేచరీలకు, మేత కంపెనీలకు, రొయ్యలు కొని ఎగుమతి చేసే ప్లాంట్లకు అమ్ముతాం. వాళ్ళు తమకు సరుకిచ్చే చెరువుల్లో పెట్టించుకుంటారు. నేను చదివింది ఎలక్ట్రానిక్స్. సెన్సరుకు ప్రోగ్రాం రాయడం నా పని. ప్రచారం చూసుకోవడానికి వేరే మనిషి లేడు కాబట్టి అదీ నా మీదే పడింది. కంపెనీలవాళ్ళు ఉద్యోగ వివరాలతో చేరే సైటులో మా పేజీ, ఒక వీడియో ఛానలు, ఫోన్‌లో నాలుగు గ్రూపులు.

మొదటి ఐదు నెలలు నేను పెట్టినవి: పండగ శుభాకాంక్షలు, పరికరం ఫొటో, సార్ ఎక్కడో మాట్లాడిన ఫొటో, 'వినూత్న పరిష్కారాలు' అని పెద్ద అక్షరాల పోస్టర్లు. మెచ్చుకున్నవాళ్ళు నాతో చదువుకున్నవాళ్ళు, సార్ బావమరిది. కొనేవాళ్ళు ఒక్కరూ లేరు.

నాకు ఈ పని నేర్పింది అన్న. ఆయనకు ఫోనులో టైపు చేయడం రాదు. ఒకరోజు మేత కంపెనీ మనిషి వచ్చి అరగంట కూర్చుని వెళ్ళాడు. అతను పోయాక అన్న నా వైపు తిరిగాడు.

"చూసినావా అబ్బయ్యా. వాడొచ్చింది మేత అమ్మడానికి. మేత మాట ఎత్తినాడా? నీళ్ళు ఎట్టుండాయి అన్నా అని అడిగినాడు. నువ్వేమో వచ్చిన కాడ్నించీ నీ డబ్బా గొప్ప చెప్తా ఉండావు."

"మరి నేనేం చెప్పాల అన్నా?"

"నీకేం తెలుసో అది చెప్పొద్దు. వాడికేం భయమో అది చెప్పు."

ఆఫీసుకు వచ్చి ఆ వాక్యాన్ని బోర్డు మీద రాశాను. ఎగుమతి ప్లాంటులో కొనుగోలు మేనేజరు భయం ఏమిటని ఆలోచించాను. తను కొనే చెరువు లోపల ఏం జరుగుతుందో తెలియకపోవడం. రైతు చెప్పిందే నమ్మాల్సి రావడం. అప్పటినుంచి పోస్టర్లు మానేశాను. వారానికి ఒక గ్రాఫ్, దాని కింద ఐదు వాక్యాలు. తెల్లవారుజామున ఆక్సిజన్ ఎందుకు పడిపోతుంది, మబ్బు పట్టిన రోజు ఎంత తేడా వస్తుంది, ఏరేటరు గంట ఆలస్యమైతే ఏమవుతుంది. ప్రతి పోస్టు చివరా ఒకే మాట పెట్టాను: 'రైతు మాట కాదు, చెరువు మాట.' సార్‌కు అది చాలా నచ్చింది. నాకూ నచ్చింది. దాన్ని అన్నకు చదివి వినిపించాలని ఎప్పుడూ తోచలేదు.

తర్వాత పట్టిక తయారుచేశాను. మన జిల్లాలోనూ పక్క జిల్లాల్లోనూ రొయ్యలు కొనే ప్లాంట్లలో నిర్ణయం తీసుకునేవాళ్ళు ఎంతమందని ఒక్కొక్కరినీ వెతికి రాసుకుంటే అరవై నలుగురు తేలారు. వేలమందికి చేరక్కర్లేదు. ఈ అరవై నలుగురికి చేరితే చాలు. రెండు నెలలపాటు ఒక్కొక్కరితో పరిచయం చేసుకున్నాను. వాళ్ళు పెట్టినవి చదివి, తెలిసిన విషయమైతే జవాబు రాశాను. వ్యాపారం మాట ఎత్తలేదు. అన్న చెప్పినట్టే నీళ్ళు ఎట్లా ఉన్నాయని అడిగాను.

అక్క, అంటే అన్న భార్య, ఈ పనిలో సగం చేసేది. చెరువులో మేత వేశాక నాలుగు మూలలా కాస్త మేత పెట్టిన చెక్ ట్రేలు దించుతారు. రెండు గంటల తర్వాత పైకి తీసి ట్రేలో ఎంత మేత మిగిలిందో చూస్తే రొయ్యలు సరిగ్గా తింటున్నాయో లేదో తెలుస్తుంది. ఆ లెక్కను మా యాప్‌లో అక్క ఎక్కించేది. ఏడో తరగతి దాకా చదివానని, వంకర రాతైనా తప్పు రాయనని చెప్పేది. నిజమే, ఒక్క పూట కూడా తప్పలేదు. శ్రీహరికోట నుంచి రాకెట్ లేచిన సాయంత్రం అందరం గట్టు మీద నిలబడి చూస్తుంటే, ఆవిడ ట్రే ఎత్తి, ఫోనులో 'మిగల్లేదు' అని నొక్కి, అప్పుడు తల పైకెత్తింది. అప్పటికి ఆకాశంలో పొగే మిగిలింది.

"రాకెట్ వాళ్ళకి కూడా ఇన్ని గీతలు ఉండవు," అన్నాడు అన్న నా ఫోనులోకి చూస్తూ. "ఇంట్లో పోపు మాడింది కూడా దీంట్లో తెలస్తాదా?"

"తెలిస్తే నీకే కష్టం," అంది అక్క. "నువ్వు తాగే టీలు కూడా ఎక్కిస్తా."

ఆ గట్టు మీద రెండు పద్ధతులు ఉండేవి. ఒకటి, పట్టుబడి, అంటే వల లాగి పంటంతా పట్టేయడం, అయ్యేదాకా కౌంట్ పైకి చెప్పరు. కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క. తక్కువైతే రొయ్య పెద్దది, ధర ఎక్కువ. విసురువలతో కాసిని పట్టి తూచి, లెక్కపెట్టి, అన్న నోరు మూసుకునేవాడు. ఎవరైనా అడిగితే 'ఉండాయిలే' అనేవాడు. దిష్టి అని అక్క, బేరం అని అన్న. ఎవరి కారణం వాళ్ళది. రెండోది కాలువ కట్టుబాటు. ఉప్పుకాలువ ఒకటే, దాని మీద చెరువులు పద్నాలుగు. ఎవరి చెరువుకైనా తెగులు తగిలితే వాళ్ళే తమ తూముకు ఎర్ర గుడ్డ కట్టాలి. కట్టాక చెరువు ఖాళీ అయ్యేదాకా నీళ్ళు పెట్టకూడదు, వదలకూడదు. ఎవరూ తనిఖీకి రారు. కట్టకుండా దాచినవాడికి ఆ తర్వాత కాలువ మీద మాట్లాడే మనిషి ఉండడు.

చెరువు అన్నది కాదు, కౌలుది. ఆరేళ్ళుగా చేస్తున్నాడు. ఆ ఏడు యజమాని ఇంకెవరికో ఇస్తానని మొదలుపెట్టాడు. ఈ పంట చేతికొచ్చాక మూడేళ్ళ కౌలు ఒకేసారి కడితే చెరువు ఆయన దగ్గరే ఉంటుందని మాట. దానికి రొయ్య నలభై కౌంట్‌కు రావాలి. ఆ సంఖ్య ఆయన నాతో ఒక్కసారే, అదీ షెడ్డు లోపల, తలుపు వేసి చెప్పాడు.

పంట వేసిన డెబ్బై ఒకటో రోజున మేం ఎదురుచూస్తున్న సంఘటన దొరికింది. అమావాస్య పూట రొయ్యలు పెంకు మార్చుకుంటాయి. ఆ రెండు రోజులు మేత సరిగ్గా తినవు. ఆక్సిజన్ కూడా ఎక్కువ లాగుతాయి. అదే సమయంలో ఒక ఏరేటరు ఆగిపోయింది. పరికరం హెచ్చరిక పంపింది, అన్న లేచి జనరేటరు వేశాడు, తెల్లారేసరికి అంతా మామూలైంది. ఒక్క రొయ్య చావలేదు.

ఇది రాయొచ్చా అని అన్నను అడిగాను. రాసుకో, నా పేరొద్దు అన్నాడు. నేను జాగ్రత్త మనిషిని. పెట్టే ముందు సరిచూసుకోవడానికి రాసుకున్నవి: పేరు లేదు. మొహం లేదు. ఊరు లేదు. చెరువు విస్తీర్ణం లేదు. పోస్టులో ఉన్నవి: ఆక్సిజన్ పడి లేచిన గీత, దాని పక్కనే చెక్ ట్రేలో మేత సగం మిగిలిపోయిన గీత, తెల్లవారి వెలుగులో గట్టు ఫొటో. పెంకు మార్చుకోవడం గురించి ఒక వాక్యం మొదట రాశాను. పోస్టు పొడుగైందని, అది చదివితే బిగువు తగ్గుతోందని తీసేశాను. బదులుగా, 'రెండు రోజులుగా రొయ్యలు మేత మానేశాయి. కారణం చెరువుకే తెలుసు,' అని మొదలుపెట్టాను. దాన్ని అరవై నలుగురికీ విడివిడిగా పంపాను.

మా పేజీ పెట్టినప్పటినుంచి అంతటి స్పందన లేదు. మధ్యాహ్నానికి రెండు ప్లాంట్లు పరికరం చూపించమని రాశాయి. సార్ అందరికీ బిర్యానీ తెప్పించాడు.

గట్టు ఫొటోలో మోటారు షెడ్డు ఉంది. పచ్చ రంగు మీద ఎర్ర చార ఉన్న పడవ పలక తలుపు ఆ చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు. నా పట్టికలోని వాళ్ళలో కొందరు ఏటా ఆ తలుపు ముందు నిలబడి బేరం చేసినవాళ్ళు. మేత మానేసిన గీత చూస్తే ఈ వ్యాపారంలో ఎవరికైనా ముందు తట్టేది తెగులే. పెంకు సంగతి చెప్పాల్సింది నేను. చెప్పలేదు.

మూడో రోజు ఉదయం వెళ్ళేసరికి అన్న ఫోన్‌లో ఉన్నాడు. అవతల ప్రతి పంటా కొనే ఏజెంటు. ఫోను గట్టిగానే వినిపిస్తోంది. తన రొయ్యలు పెంకు మార్చుకున్నాయంతేనని, ఇప్పుడు మేత బాగా తింటున్నాయని అన్న చెబుతున్నాడు. ఏజెంటు గొంతులో దురుసు లేదు.

"నీ మాటొద్దులే అన్నా. నీ చెరువే చెప్పినాది గదా."

నా వాక్యాన్ని ఇంకొకరి నోట వినడం అదే మొదటిసారి.

చేయగలిగినవన్నీ చేశాను. పోస్టు తీసేశాను. అప్పటికే దాని ఫొటోలు గ్రూపుల్లో తిరుగుతున్నాయి. రొయ్యల్ని ల్యాబుకు తీసుకెళ్ళాను. తెగులు లేదని రాసిచ్చారు. ఆ కాగితంతో సవరణ పోస్టు పెట్టాను, పెంకు గురించి ఈసారి మూడు పేరాలు రాశాను. సార్ వద్దన్నాడు. మన గీతను మనమే తప్పంటే ఎవరు కొంటారన్నాడు. గీత తప్పు కాదు సార్, దాని కింద రాసింది తప్పు అని చెప్పి పెట్టేశాను. అరవై నలుగురిలో దాన్ని తెరిచింది ఇద్దరు.

కాలువ మీది మిగతా పదమూడు చెరువుల వాళ్ళు వచ్చారు. గొడవ చేయలేదు. గట్టు కింద, తొట్టికి అవతలే నిలబడ్డారు. వాళ్ళలో పెద్దాయన మాత్రం మాట్లాడాడు. ల్యాబు కాగితం ఎవరైనా తెచ్చుకోవచ్చని, కంపెనీ మిషన్ మాత్రం అబద్ధమాడదు కదా అని అన్నాడు. అది కూడా నేను గ్రూపుల్లో చెప్పిందే. కొన్ని నెలలుగా అదే చెబుతున్నాను.

అన్న షెడ్డులోకి పోయి అక్క పాత చీర చించిన ముక్క తెచ్చి తూముకు కట్టాడు. తెగులు లేని చెరువుకు ఎర్ర గుడ్డ కట్టడం ఆ కాలువ మీద ఎవరూ చూసి ఉండరు. ముడి వేశాక లాగి చూశాడు, గాలికి ఊడకుండా.

నీళ్ళు మార్చకుండా చెరువు పది రోజులకు మించి నిలవదు. పట్టుబడి చేసేయాలి. రొయ్య ఇంకా చిన్నది.

ఆ సాయంత్రం అక్క నన్ను వంటింటి గుమ్మం దగ్గరకు పిలిచింది. ఫోనులో యాప్ తెరిచి పట్టుకుంది.

"ఆ రెండు రోజులూ సగం మిగిలిందని ఎక్కించింది నేనే గదా. కొంచెం తక్కువ రాసుంటే బాగుండేదేమో అబ్బయ్యా?"

లేదక్కా, నువ్వు సరిగ్గానే రాశావన్నాను. తప్పు నాదని చెప్పాను. ఆవిడ తల ఊపింది కానీ నమ్మినట్టు లేదు. ఆ పూట ట్రే లెక్క ఎక్కించనా వద్దా అని అడిగింది. ఎక్కించమన్నాను. 'మిగల్లేదు' అని నొక్కింది.

పట్టుబడి నాడు సార్ రాలేదు. కొత్త ప్లాంటులో పరికరం చూపించడానికి వెళ్ళాడు, ఆ పోస్టు చూసి పిలిచినవాళ్ళ దగ్గరికే. యజమాని మనిషి ఒకడు వచ్చి షెడ్డు తాళంచెవి ఎప్పుడిస్తారని అడిగి వెళ్ళాడు. ఎప్పుడూ కొనే ఏజెంటు రాలేదు, వేరే ఊరివాడు లారీ తెచ్చాడు. తెగులు చెరువు ధర అని ముందే చెప్పేశాడు. నేను గట్టు కిందే, తొట్టి దగ్గర ఆగాను. అన్న చూసి రమ్మని చెయ్యి ఊపాడు. కాళ్ళు ముంచి ఎక్కాను.

వల లాగారు. బుట్టలో రొయ్యలు మెరుస్తూ ఎగురుతున్నాయి. అన్ని చెరువులు చూశాను, అంత శుభ్రమైన రొయ్యను చూడలేదు. లారీ మనిషి కూడా చేత్తో తీసి వెలుగులో పట్టుకుని చూసి బుట్టలో వేశాడు. అతను చెప్పిన ధర మాత్రం మారలేదు.

కాటా మీద కిలో తూచారు. లెక్కపెట్టడం ఎప్పుడూ అన్న పని. ఆయన పళ్ళెం నా ముందుకు జరిపాడు.

"నువ్వే లెక్కపెట్టు. నీ లెక్కంటే అందరూ నమ్ముతారు."

గొంతులో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. లేదు. ఉంటే బాగుండేది.

గట్టు మీద కూర్చుని ఒక్కొక్కటే తీసి పక్క పళ్ళెంలో వేశాను. పొరపాటు ఉండకూడదని రెండోసారి కూడా లెక్కపెట్టాను. అక్క షెడ్డు తలుపు పక్కన నిలబడి ఫోను పట్టుకుని ఎదురుచూస్తోంది, ఎక్కించడానికి. ఆ గట్టు మీద కౌంట్‌ను పైకి చెప్పింది నేనే.

డెబ్బై రెండు.