ముప్పావు బాబాయి

మా బాబాయి దేన్నీ చివరిదాకా చూడడు. సినిమా కానీ, నాటకం కానీ, పాటకచేరీ కానీ, ముప్పావు వంతు కాగానే కుర్చీలో ముళ్లు మొలిచినట్టు లేచి వెళ్లిపోతాడు. అందుకే చుట్టాలందరికీ ఆయన ముప్పావు బాబాయి. వృత్తికి దర్జీ. చొక్కాలు మాత్రం ఆఖరి గుండీ దాకా కుడతాడు, అదే ఊరి అదృష్టం.

చూడనివాడు చూడనట్టు ఊరుకుంటాడా? ముగింపుల మీద వాదనకు దిగుతాడు.

“హీరో చచ్చిపోయాడు బాబాయ్, నా కళ్లతో చూశాను.”

“అయితే కళ్లజోడు పెట్టించుకో. ఆస్పత్రిలో కోలుకున్నాడు. పెళ్లి కూడా అయింది.”

“నువ్వు చూశావా?”

“మీ పిన్ని చూసింది!”

పక్కనే పిన్ని తల వంచుకుని శ్రద్ధగా గుండీలు ఏరుకుంటూ ఉండేది.

అలాంటి బాబాయికి ఒక గాయకుడంటే ప్రాణం. పల్లెపాటలకు గిటారూ డ్రమ్ములూ జోడించి, ఒకప్పటి కుర్రకారును ఉర్రూతలూగించిన పెద్దాయన. ఆ పాటలు మోగుతుంటే బాబాయి మిషను తొక్కే వేగం పెరిగి, చొక్కా చేతులు ఒకటి పొడుగూ ఒకటి పొట్టీ అయ్యేవి. ఆయన్ని ఒక్కసారి ఎదురుగా చూడాలని బాబాయి జీవితాశయం. ఇన్నేళ్లకు ఆ పెద్దాయన మా ఊరొచ్చాడు.

“ఈసారి కూడా మధ్యలో లేస్తావా?” అన్నాను హాల్లో ఆయనకూ పిన్నికీ పక్కన కూర్చుంటూ.

“ఆయన పాడుతుంటే ఎవడు లేస్తాడ్రా?”

నిజంగానే లేవలేదు. జుట్టు నెరిసినా పెద్దాయన గొంతు మాత్రం ఖంగుమంటోంది. బాబాయి చంటిపిల్లాడిలా నోరు తెరుచుకుని చూస్తున్నాడు. హాలు కిక్కిరిసి, నడిచే దారిలో కూడా జనం నిలబడ్డారు.

“ఇక ఒక్క పాట మిగిలింది” అన్నాడు పెద్దాయన. బాబాయికి అన్నిటికంటే ఇష్టమైన పాట! గిటారు మొదలైంది. బాబాయి చుట్టూ ఉన్న జనాన్ని ఓసారి చూశాడు. పిన్ని వైపు చూశాడు. లేచాడు.

నాకు మతిపోయింది. చొక్కా పట్టుకుని లాగాను. “బాబాయ్! నీకేమైనా పిచ్చా?”

“మిగతాది మీ పిన్ని చెబుతుందిలే” అని జనాన్ని తోసుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ దెబ్బనుంచి తేరుకోకముందే ఇంకోటి తగిలింది. పాట అయ్యాక పెద్దాయన గిటారు పక్కన పెట్టి, “నేను పాడిన ఆఖరి పాట ఇదే. ఇక సెలవు” అన్నాడు. అంత హాలూ కొయ్యబారిపోయింది.

పిన్ని నా భుజం పట్టుకుని కుంటుతూ పక్క గుమ్మం దాకా వచ్చింది. మెట్లకు ఆనించి స్కూటరు సిద్ధంగా ఉంది. బాబాయి సీటు తుడుస్తున్నాడు.

“అప్పుడెప్పుడో సినిమాహాల్లో జనం తోసేస్తే పడ్డాను కదరా” అంది పిన్ని. “నా మోకాళ్లు అప్పట్నుంచీ ఇంతే. జనం కదలకముందే బండి గుమ్మంలో ఉండాలంటారు మీ బాబాయి.”

నాలుక కరుచుకున్నాను. ఇన్నేళ్లూ వెక్కిరించిన నోరు మరి!

“చివర్లో ఏమన్నాడే?” ఆత్రంగా అడిగాడు బాబాయి.

“ఏమంటాడు? వచ్చే ఏడు మళ్లీ వస్తానన్నాడు” అంది పిన్ని, తడుముకోకుండా. “అప్పుడు మీరూ చివరిదాకా ఉందురుగానిలెండి.”

చచ్చిన హీరోలు ఎవరి దయవల్ల బతుకుతున్నారో నాకప్పుడు అర్థమైంది.

రాత్రంతా మథనపడి, పొద్దున్నే కొట్టుకు వెళ్లాను. “బాబాయ్, నిన్న పెద్దాయన చివర్లో...”

“తెలుసురా. ఆ మైకులకు వీధి చివర కుక్కలు కూడా లేచాయి. స్కూటరు దగ్గర నాకు వినపడదా?”

“మరి పిన్నితో ఏమీ అనలేదేం?”

బాబాయి సూదిలోకి దారం ఎక్కించాడు. “ఆయన ముగింపు కంటే మీ పిన్ని ముగింపే బాగుంది.”

అంతలో పిన్ని లోపల్నుంచి కేకేసింది. “ఏమండీ, వచ్చే ఏడు కచేరీకి మీకు నీలం చొక్కా బాగుంటుంది!”

“అలాగేనే!” అని బాబాయి నీలం గుడ్డ బయటికి తీసి, నా ముందే కత్తిరించడం మొదలుపెట్టాడు.