చేపల తొట్టెలో సుగుణత్త

మా చిన్నప్పుడు అక్వేరియం కొనలేదండీ మేము... కట్టుకున్నాం!

పామర్రులో మా నాన్నకు ఫోటోలకు ఫ్రేములు కట్టే చిన్న కొట్టు ఉండేది. నాకు పదేళ్లప్పుడు పన్ను నొప్పి అంటే బెజవాడ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. అక్కడ గోడవారన చేపల తొట్టె చూశాను... నొప్పి సంగతే మర్చిపోయాను. ఇంటికొచ్చి అలాంటిది కావాలని అన్నం మానేశాను. రెండో పూటకే నాన్న దిగొచ్చాడు.

"కొనడం దేనికే... అద్దాలు మన కొట్లోనే ఉన్నాయిగా!" అన్నాడు. పాత సామానుతో పని జరిగిపోతుందంటే ఆయన సంతోషం అంతా ఇంతా కాదు.

అడుక్కీ, పక్కలకీ, వెనక్కీ కొట్లో మిగిలిన ముక్కలు సరిపోయాయి. ముందువైపుకి మాత్రం పెద్ద అద్దం కావాలి. అటక మీద నుంచి ఒక పాత ఫ్రేము దించాడు.

అది ఒకప్పుడు మా సుగుణత్త ఫోటో ఉన్న ఫ్రేము. సుగుణత్త అంటే నాన్న చెల్లెలు. సరిగ్గా నా వయసులోనే కాలవలో పడి చనిపోయింది. ఆమెకు ఉన్నది ఒక్కటే ఫోటో. పోయాక దాన్నే పెద్దది చేయించి గోడకు పెట్టారు. ఒక తుఫానుకి ఇల్లు కురిసి, ఆ ఫోటో తడిసి అద్దానికి అతుక్కుపోయిందట. మామ్మ ఊడదీయబోతే ముక్కలు ముక్కలుగా వచ్చిందట.

నాన్న ఆ అద్దాన్ని బ్లేడుతో గీకి, సబ్బుతో కడిగి, ఎండకు పట్టి చూశాడు. తళతళలాడింది. మామ్మ గుమ్మంలో కూర్చుని అంతా చూస్తోంది.

గమ్ముతో అతికించి రెండు రోజులు ఆరబెట్టాం. ఎదురింటివాళ్లు ఇల్లు కట్టుకుంటుంటే వాళ్ల ఇసక బొచ్చెడు అడిగి తెచ్చి, కడిగి పోశాం. గాలి మోటరు లేదు... పూటపూటకీ చెంబుతో నీళ్లు ముంచి పైనుంచి ధారగా పోయడమే! బెజవాడ నుంచి రెండు గోల్డ్ ఫిష్‌లు కవర్లో, నా ఒళ్లో కూర్చుని బస్సులో వచ్చాయి. మెరుస్తూ కనబడాలని తొట్టెను కిటికీ పక్కన, ఎండ పడేచోట పెట్టాం. ఎండకు పాచి పడుతుందని మాకెవరు చెప్పారు...

కొన్ని వారాలకు నీళ్లు పచ్చబడ్డాయి. మూడు వైపులా అద్దాలకు పాచి సమానంగా పట్టింది. ముందు అద్దానికి మాత్రం అలా పట్టలేదు.

ఒక మధ్యాహ్నం... ఇల్లంతా కునుకు తీస్తోంది. చేపలకు మరమరాల పొడి వేద్దామని వెళ్లాను. అద్దం మీద పాచిలో ముందు ఒక జడ కనబడింది. దాని చివర రిబ్బను. తర్వాత చెవి, బుగ్గ, ఒక కన్ను. రెండో కన్ను ఉండాల్సినచోట పాచి లేదు, ఖాళీ. ఆ ఖాళీ వెనకనుంచి చేప వెళ్లింది... ఆ కన్ను నా వైపు తిరిగింది.

రెండడుగులు వెనక్కి వేశాను.

"నీక్కూడా కనపడతందా అమ్మా?"

వెనక మామ్మ నిలబడి ఉంది. "నాలుగు రోజుల్నించి వస్తంది... నిదానంగా" అంది.

గీకినా ఫోటో జిగురు అద్దానికి కాస్త మిగిలి ఉంటుంది, పాచి దాన్నే పట్టుకుని ఉంటుంది అని నాన్న చెప్పాడు. చెప్పినంతసేపూ ఆయన మాత్రం తొట్టె వైపు చూడలేదు.

ఆ రోజు నుంచి మామ్మ పీట తొట్టె ముందే. అన్నమూ అక్కడే. ఏవో కబుర్లు చెబుతూ ఉండేది... మధ్యలో ఆగేది, అవతలివాళ్ల మాట వింటున్నట్టు. నాకు ఆ గదిలోకి వెళ్లాలంటేనే భయం వేసేది.

"నీళ్లు కదపమాకండి, చెదిరిపోద్ది" అంది. చెంబుతో పోయడం కూడా మానిపించింది. రెండో జడ కూడా వచ్చింది. రోజురోజుకీ అత్త మొహం తేటపడుతోంది, నా చేపలు నీరసపడుతున్నాయి. పైకొచ్చి నోళ్లు తెరుచుకుని గాలి కోసం కొట్టుకునేవి. ఒకటి చచ్చి తేలింది. నేను వెక్కి వెక్కి ఏడ్చాను.

"నీళ్లు మారుద్దామండీ అత్తయ్యా, పిల్ల ఏడుస్తోంది" అంది అమ్మ.

"చేపల్ని మళ్లీ తెచ్చుకోవచ్చు" అంది మామ్మ.

ఆ ఆదివారం కడుపునొప్పని చెప్పి చర్చికి వెళ్లలేదు. అందరూ వెళ్లాక మిగిలిన చేపను బకెట్లో వేశాను. నీళ్లు తోడేసి, ఉప్పు, కొబ్బరి పీచు తీసుకున్నాను. మూడు వైపులా తోమాక, ముందు అద్దం దగ్గర చెయ్యి ఆగింది. జడల దగ్గర మొదలుపెట్టాను. కన్ను దగ్గరికొచ్చేసరికి నేనే కళ్లు మూసుకున్నాను. పీచు కింద మెత్తగా తగిలింది... మనిషి చెంపలాగా.

కొత్త నీళ్లు పోసి చేపను మళ్లీ వదిలేసరికి మామ్మ వచ్చింది. చంకలో బైబిలు అలాగే ఉంది. పీట మీద కూర్చుని చూసింది. తేట నీళ్లలో నా చేప ఒక్కటే తిరుగుతోంది. నేను తలుపు వెనక దాక్కున్నాను.

మామ్మ పిలిచింది. వెళ్లాను. నా చేతులు పట్టుకుని చూసింది. గోళ్ల సందుల్లో ఇంకా పచ్చటి పాచి.

"బయటికి తీశావా అమ్మా..." అంది. "ఆ రోజు ఎవళ్లూ తియ్యలా."

కొంగుతో నా గోళ్లు ఒక్కొక్కటే తుడిచింది. ఆ చీర మళ్లీ ఎవరినీ ఉతకనివ్వలేదు.

తర్వాత కావాలనే ఆ తొట్టెను ఎన్నో నెలలు ఎండలో ఉంచాను. పాచి వచ్చింది... ఉత్త పాచే.

ఇప్పుడు మా అమ్మాయి ఒక్క పూటలో తీసుకునే సెల్ఫీలు ఫోన్లో పట్టవు. బాగోలేదని తీసినవి తీసినట్టే చెరిపేస్తుంటే నా గుండె కలుక్కుమంటుంది. మనిషికి ఒక్క ఫోటో ఉండటమే గొప్పయిన రోజులు మావి...

మీ ఇళ్లలో ఫోటో కూడా మిగలకుండా పోయినవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్ల పేరూ గుర్తున్నదేదో ఒకటీ కింద రాయండి. మా అత్త పేరు సుగుణ. రెండు జడలు. మిగతాదంతా నేనే తుడిచేశాను.