కొంగుముడితో పరుగు

నిన్న మేముండే క్వేకర్స్ హిల్‌లో మనవాళ్ళ కిరాణా కొట్టులో కరివేపాకు ఏరుకుంటుంటే మా అమ్మాయి స్నేహితురాలు ఎదురై, "ఆంటీ, రివర్సల్ అయిపోయిందటగా, బ్యాగ్ లేదు, ఇంక ఫుల్ హ్యాపీ!" అంది. నవ్వానుగానీ ఒళ్ళు మండింది. ఒడ్డున కూర్చుని ఎన్నయినా చెబుతారు. మాట్లాడుతున్నంతసేపూ నా కళ్ళు మరుగుదొడ్డి ఎటుందా అని వెతుకుతున్నాయని ఆ పిల్లకేం తెలుసు!

పేగులో గడ్డ తీసేశాక, కుట్లు మానేదాకా పొట్టమీద దారి చేసి సంచి తగిలించారు. ఆ సంచిని నేను తిట్టని రోజు లేదు. కుచ్చిళ్ళ దగ్గర ఉబ్బెత్తుగా కనబడుతుందని పేరంటాలు మానేశాను, దేవుడి గదిలో అడుగుపెట్టడానికి మనసొప్పేది కాదు. అది తీసి పేగు మళ్ళీ కలిపేస్తే సత్యనారాయణ వ్రతం చేసుకుంటామని మా ఆయన మొక్కుకున్నారు. కలిపారు. పేగు తన పని మళ్ళీ నేర్చుకోవడానికి నెలలు పట్టొచ్చని నర్సమ్మ చెబుతూనే ఉంది. మేం వింటేగా, మొక్కు ఆలస్యం కాకూడదని ముహూర్తం పెట్టేసుకున్నాం.

నాది ఒకటే పంతం, అయిదు కథలూ అయ్యేదాకా పీటల మీద ఆయన పక్కన కదలకుండా కూర్చోవాలని. ఈ దేశం వచ్చిన కొత్తలో చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని మరీ కూర్చున్నదాన్ని, ఇదొక లెక్కా అనుకున్నాను. పైగా ఉపవాసం, కడుపులో ఏమీ లేకపోతే వచ్చేదేముంటుందని నా ధీమా. పేగుకి ఉపవాసాలూ ఏకాదశులూ తెలియవని మూడో కథలో తెలిసొచ్చింది.

ముందు చెమటలు పట్టాయి, ఆ తర్వాత ఇక ఆగేది కాదని అర్థమైంది. చూస్తే మా కొంగుముడిని పురోహితుడు గట్టిగా బిగించాడు, మా ఆయన లాగినకొద్దీ అది మరింత బిగుసుకుంది. చివరికి భుజం మీది ఉత్తరీయం తీసి నా చేతిలో పెట్టేశారు. అందరి మధ్యనుంచీ దాన్ని ఈడ్చుకుంటూ పరుగెత్తాను. "అమ్మమ్మా, యూ ఓకే?" అంటూ మనవరాలు తలుపు కొడుతుంటే, లోపల ఆ ముడి ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. అన్ని తిట్లు తిన్న సంచే నయమనిపించింది, కనీసం పీటల మీద కూర్చోనిచ్చేది. బయట హారతి గంట మోగింది, నేను లేకుండానే. తిరిగి వెళ్ళేసరికి ప్రసాదం పంచుతున్నారు.

ఏడాది దాటింది. కొంత నయమే. మజ్జిగన్నం, అరటిపండు పడతాయి. గోంగూర జోలికెళితే మర్నాడు గడప దాటను. పెళ్ళికెళ్ళినా గుడికెళ్ళినా తలుపు పక్క కుర్చీయే నాది. ఇదేనా హ్యాపీ అని ఎవరిమీద అరవను?

వచ్చే పౌర్ణమికి మళ్ళీ వ్రతం చేద్దామంటారు మా ఆయన, మొక్కు సగంలో ఆగిందట. నేను కూర్చోనని తెగేసి చెప్పాను. ఇవాళ పొద్దున ఉత్తరీయం తెచ్చి నా కొంగుకి తానే ముడేశారు. కొస పట్టుకుని లాగారు, ఊడిపోయింది. మళ్ళీ వేసి, మళ్ళీ లాగి చూపించారు. పెళ్ళినాడు ఆ ముడి ఎక్కడ ఊడుతుందోనని మా అమ్మ మరోసారి బిగించింది. ఇన్నేళ్ళ కాపురం అయ్యాక, నన్ను పక్కన కూర్చోబెట్టుకోవడానికి ఇట్టే ఊడే ముడి వేయడం నేర్చుకున్నారీ ముసలాయన.