అడ్డచారల స్వెట్టరు

మా బావగారు పోయి చాలా కాలమైంది. ఆయన మీద నా కోపం మాత్రం ఇప్పటికీ చల్లారలేదు.

ఆయన ఉన్న రోజుల్లో, ఓ పుష్యమాసపు చలిలో ఇంటిల్లిపాదీ ధవళేశ్వరంలో కాలవ పడవ ఎక్కాం. నేను నీలం ఊలు మీద ఎర్రటి అడ్డచారలు వేస్తూ స్వెట్టరు అల్లుకుంటున్నాను. మిషను బడి దొరసాని నేర్పిన పని అది. ఇంట్లో మగవాళ్ళందరికీ అల్లాక, మొదటిసారి నాకోసం, నాకు నచ్చిన నమూనాతో మొదలెట్టాను.

ఎదురుగా కూర్చున్న ఒకావిడ "ఎవరికండి?" అని అడిగింది.

"నాకేనండి."

మా ఆయన అన్నగారు, ఆ బావగారే, పక్కనుంచి అందుకున్నారు. "ఆ లావుకి అడ్డచారలేంటండి, ధాన్యం గాదెలా ఉంటుంది. నిలువు చారలైతే కాస్త నప్పుతాయని మా మరదలికి చెప్పండి."

పడవలో అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ బావగారితో మరదలు నేరుగా మాట్లాడకూడదు, మూడో మనిషి చేత చెప్పించాలి. ఆవిడకీ ఆ ఆచారం తెలుసు. "మీరు నాతో అనండమ్మా, నేను చెబుతాను," అంది.

"ఆయన మెడకున్న మఫ్లరు కూడా నేనే అల్లానని చెప్పండి. అల్లేటప్పుడు ఆ మెడకి నేను వంకలు పెట్టలేదని చెప్పండి."

ఆవిడ ఒక్క మాట కూడా తగ్గించకుండా, పడవ నడిపేవాడిక్కూడా వినపడేలా చెప్పింది. బావగారు మొహం కాలవకేసి తిప్పుకున్నారు. మఫ్లరు మాత్రం తియ్యలేదు.

లాకు తలుపులు తెరిచేదాకా పడవ ఆగినప్పుడు ఆవిడ దిగిపోయింది. నేను ఆవిడ పేరైనా అడగలేదు.

ఆ తర్వాత నాకోసం ఎన్ని అల్లుకున్నా, అన్నిటికీ అడ్డచారలే వేశాను. ఇంకాస్త వెడల్పుగా.