బూడిద మీదికి చెరువు మట్టి

మా తాత కాలంలో చెరువు ఎండితే, ఒండ్రు మట్టి ఎవరు ఎంత తోలుకోవాలో మా అరుగు మీదే తేలేది. మాకు కావాలంటే కబురు పంపేవాళ్లం, బండ్లు వచ్చేవి. ఇప్పుడు గుమ్మడిదల పక్కన మాకున్నది ఎకరం జాగా. అదీ నాన్న రోడ్లకు పోసే మొరం తవ్వి అమ్ముకున్నాక పడ్డ గుంత.

ఆ గుంత నింపి చదును చేస్తానని ఒక కాంట్రాక్టరు వచ్చాడు. గనుల బొగ్గులో కాలకుండా మిగిలే రాళ్లు, ఫ్యాక్టరీ బాయిలర్ బూడిద తెచ్చి పోశాడు. పైన మట్టి కప్పుతానన్నవాడు గుంత నిండగానే ఫోను ఎత్తడం మానేశాడు. కప్పితే మళ్లీ జొన్న వేయవచ్చు. లేకుంటే అది బూడిద కుప్పే. ఎండలు ముదిరాయి. గాలి లేచినప్పుడల్లా బూడిద పక్క మడిలోని పాలకూర మీద వాలుతోంది.

ఆ మడి ఒకప్పటి మా కౌలుదారు కోడలిది. గట్టు మీద నిలబడి ఒక పాలకూర కట్ట దులిపింది.

"పటేలా, గిది ఎవడు కొంటడు? సిమెంటు సంచిలకెళ్లి తీసినట్టున్నది."

"చెరువు మట్టికి కబురు పంపిన. వస్తది."

"కబురుకు చక్రాలుంటయా? ఆడ ట్రాక్టర్లు లైన్ కట్టినయి. నువ్వే పోయి నిలబడాలె."

పోలేదు. గుంత చుట్టూ తిరిగాను. ట్రాక్టరు చప్పుడు వినబడితే రోడ్డు దాకా వెళ్లేవాణ్ని. ఇటుకల లోడు అని తెలిసి వెనక్కి వచ్చేవాణ్ని. కూర్చుంటే కాళ్లు నిలవవు. బూడిద మీద తడి గోనెసంచులు పరిస్తే మధ్యాహ్నానికి ఎండి ఎగిరిపోయాయి.

చివరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, కిరాయి ట్రాక్టరు మాట్లాడుకుని చెరువుకు వెళ్లాను. తన మడికి మట్టి కోసం లైన్‌లో ముందున్న ఆ కోడలు నన్ను చూసి గట్టిగా అరిచింది.

"జరుగుండ్రి, పటేలు మట్టికొచ్చిండు!"

అందరూ నవ్వారు. ఎవరూ జరగలేదు. వెళ్లి చివర నిలబడ్డాను.

పొద్దు వాలినా నా వంతు రాలేదు. ఆమె తన లోడును మా గుంత వైపు మళ్లించింది.

"నాకెందుకిస్తున్నవ్?" అన్నాను.

"నీకెవరిచ్చిండ్రు? నా పాలకూర కోసం. ముందుగాల నా గట్టు దిక్కు పోయించు."

పార అందుకుని మట్టి సర్దాను. ఆమె వైపు అంచు మట్టి కప్పుకుని నల్లబడింది. రోడ్డు వైపు బూడిద ఇంకా లేస్తూనే ఉంది.

మర్నాడు కోడి కూయకముందే చెరువు దగ్గర ఉన్నాను. అప్పటికే నా ముందు ట్రాక్టర్లు ఆగి ఉన్నాయి.