ఏనుగు కూర్చున్న అపార్ట్‌మెంట్

నల్లగండ్లలో మా కింది ఫ్లాటు టీచరమ్మ లిఫ్టెక్కితే చాలు, బొటనవేలితో వేళ్ల కణుపులు లెక్కపెడుతూ ఉండేవారు. జపమనుకుని ఓసారి అడిగాను.

"జపం గాదు నాయనా, పద్యం కడతాండా," అన్నారు.

ఓ రోజు లిఫ్టు మూడో అంతస్తులో, సరిగ్గా మా గుమ్మం ముందు ఆగిపోయింది. అక్కడ ఆగింది కనుక తప్పు ఆ అంతస్తువాళ్లదేనని, బాగయ్యాక కూడా వారం రోజులు మేము మెట్లే ఎక్కాలని అసోసియేషన్ ప్రెసిడెంటుగారు తీర్పిచ్చారు. నా మోకాళ్లు అప్పటికే మొరాయిస్తున్నాయి.

ఆదివారం మీటింగులో టీచరమ్మ లేచి ఓ రాజు కథ చదివారు. పట్టపుటేనుగు నడివీధిలో చతికిలబడితే, రాజు ఆ వీధివాళ్లను పిలిపించి ఇలా అన్నాడట:

ఏనుగు కూర్చుండె నీ వీధిలోన
కాన మీకిక శిక్ష కాలినడకయె!

మేమంతా నవ్వాపుకోలేక నేలచూపులు చూస్తున్నాం. ప్రెసిడెంటుగారు మాత్రం కడుపు పట్టుకుని నవ్వారు.

"గా రాజుకు జర గూడ దిమాక్ లేదమ్మా! గసొంటోడు మన తాన ఉంటే వారం కాదు, నెల రోజులు మెట్లెక్కిస్తుంటి!"

టీచరమ్మ వినయంగా తలూపి కూర్చున్నారు. ఆవిడ బొటనవేలు అప్పుడే మొదటి కణుపు మీదికి చేరింది.